మంచు కింద ఒక గంట

కాదనడానికి ఒడెట్ కోమో దగ్గర జవాబులు ముందే రాసిపెట్టి ఉన్నాయి. ‘సంతోషం, కానీ ఇది మా పరిధిలోకి రాదు’ అన్నది ఒకటి. ‘పరీక్షలు జతచేసి మళ్ళీ పంపండి’ అన్నది ఇంకొకటి. ఈమధ్య బాగా చెయ్యి తిరిగినది మాత్రం మూడోది: ‘యంత్రం రాసిన మార్పులు మేము తీసుకోము.’ మేము అన్నది ఉత్త మాట. అక్కడ ఒడెట్ తప్ప ఇంకో నరమానవుడు లేడు.

మార్చి నెల. బుధవారం పొద్దున, కెనడా తూర్పు తీరాన డిగ్బీ రేవులో, పడవ టికెట్లు అమ్మే గదిలో, తొలి లారీలు వరస కట్టకముందే ఆమె తన సొంత కంప్యూటర్ తెరుచుకుని కూర్చుంది. పక్కన కాగితపు గ్లాసులో టీ. కిటికీ అవతల నీళ్ళు బాగా దిగిపోయి, రేవు గుంజలు నాచుపట్టిన మొదళ్ళదాకా బయటపడి ఉన్నాయి. ఆ నీళ్ళు ఎప్పుడు దిగుతాయో, ఎప్పుడు ఎక్కుతాయో లెక్కగట్టే ప్రోగ్రాం ఆమెది. ‘జ్యూజాన్’ అని పేరు పెట్టింది. వాళ్ళింటి ఫ్రెంచిలో ఆటు అని అర్థం. దానికి డబ్బు పుచ్చుకోదు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూడొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. ఏ దేశంలో, ఎవరి ఫోన్లో ఆ లెక్క నడుస్తోందో ఆమెకే తెలియదు. పంపిన దిద్దుబాటు లోపలికి రావాలంటే మాత్రం తలుపు తియ్యవలసింది ఆమే.

“ఇవాళ ఎంతమందిని గుమ్మంలోంచే పంపేశావే?” అడిగింది పక్క కిటికీలో కూర్చునే బర్నిస్, చేతి తొడుగులు విప్పుకుంటూ.

“ఐదుగుర్ని.”

“ఇంకా తెల్లారనైనా లేదు. చందాలకొచ్చేవాళ్ళ మొహాన మా ఆయన కూడా ఇంత తొందరగా తలుపెయ్యడు.”

“వాళ్ళు మనుషులు కారు బర్నిస్. ఎవడో మీట నొక్కుతాడు, యంత్రం వందచోట్లకి వంద మార్పులు రాసి పారేస్తుంది. దానికి రాయడం చిటికెలో పని. అది చెత్త అని తేల్చడానికి నాకు పూట పడుతుంది.”

“మనిషో యంత్రమో నీకెలా తెలుస్తుంది?”

“మర్యాద మరీ ఎక్కువైతే యంత్రం.”

“అయితే నువ్వు ఖాయంగా మనిషివే,” అని బర్నిస్ తన గల్లాపెట్టె తాళం తీసుకుంది.

ఒడెట్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తరవాతి ఉత్తరం తెరిచింది. అలాస్కాలో ఓడలు బాగుచేసే ఒకాయన రాశాడు. మంచు పట్టే రేవుల్లో చలికాలం పూట జ్యూజాన్ చెప్పే వేళలు తప్పుతున్నాయట. కెనడా ఉత్తరాన ఉంగావా తీరంలో ఎవరో జ్యూజాన్‌ని తీసుకుని సొంతంగా ఒక కాపీ నడుపుకుంటున్నారట, అందులో సరిగ్గా వస్తున్నాయట. ‘ఆ దిద్దుబాటు మొదట మీకే పంపారు. మీరు కాదన్నారు. ఎందుకో చెప్పగలరా? మిమ్మల్ని అడిగి లాభం లేదన్నారు గాని, అడుగుతున్నాను.’

ఆ చివరి మాటకి ఒడెట్ మొహం చిట్లించుకుని, కింద ఉన్న లంకె నొక్కింది. నవంబరులో ఆమె మూసేసిన మార్పు అది. పంపినావిడ పేరు అలాసీ. ఉత్తరం నిండా మర్యాదే: ‘మీ అమూల్యమైన కృషికి హృదయపూర్వక అభినందనలు. ఈ క్రింది సవినయ ప్రతిపాదన మీ ఉన్నతమైన కార్యానికి…’ ఇలా సాగింది. దాని కింద ఒడెట్ పెట్టిన మూడో జవాబు. ఆ జవాబు కింద, అదే రోజు, అలాసీ రాసిన ఇంకో రెండు ముక్కలు ఉన్నాయి. వాటిలో మర్యాద లేదు, ఇంగ్లీషు కూడా సరిగా లేదు.

‘నేను మనిషి. లెక్క చూడు దయచేసి.’

దాని కింద బూడిదరంగు అక్షరాల్లో, ఈ పేరుగలవారు ఇకమీద ఇక్కడ రాయకుండా ఒడెట్ కోమో ఆపుచేశారు, అని ఉంది.

ఒడెట్ ఆ వరస మళ్ళీ చదివింది. ఆపుచేసినట్టు ఆమెకి జ్ఞాపకమే లేదు. ఏ పూట చేసిందో, ఏం తింటూ చేసిందో, బుర్రలో ఒక్క మరక కూడా మిగల్లేదు. మనిషినని చెప్పుకుంటే వెళ్ళగొట్టింది. లెక్క చూడమంటే చూడలేదు. అది తలుచుకుంటే ఆమె చెవులు వేడెక్కాయి.

“టికెట్,” అన్నాడు కిటికీ అవతల లారీ డ్రైవరు. మొదటిసారి కాదేమో, గొంతు కాస్త పెంచి అన్నాడు.

*

గురువారం ఆమెకి సెలవు. సెయింట్ బెర్నార్డ్ అనే పల్లెలో ఆమె ఇల్లు. కిటికీలోంచి అఖాతం కనిపిస్తుంది. పొయ్యిమీద నిన్న వండిన రాపూర్ వెచ్చపెట్టుకుని, పళ్ళెం పక్కన పెట్టి, అలాసీ కాపీ విప్పింది.

కోడ్ చదవడంలో ఒడెట్ పద్ధతి ఒడెట్‌ది. ఊలు అల్లే సూది ఒకటి చేతిలో పట్టుకుని, తెరమీద ఒక్కో లైను కిందా దాన్ని ఆనించి కదుపుతుంది. అంకెలు వస్తే ఫ్రెంచిలో గొణుక్కుంటుంది. లైను అర్థమయ్యేదాకా సూది కదలదు. జ్యూజాన్ పనిలో తనకి తోడుగా వెండెల్ ఉన్న రోజుల్లో, అతను సస్కచెవాన్ నుంచి ఫోన్లో, ‘సూది కదిలిందా’ అని అడిగేవాడు. ఒకరు రాసింది ఇంకొకరు చదివి సరే అంటేనే లోపలికి రానివ్వాలని నియమం ఉండేది అప్పుడు. వెండెల్ మానేశాక సరే అనేవాళ్ళు లేక, ఒడెట్ రాసినవి అలా రోజుల తరబడి వేలాడేవి. చూసి చూసి ఒకనాడు ఆ నియమం ఆమే తీసేసింది. అప్పట్నుంచీ ఊళ్ళోవాళ్ళ రాతలన్నీ ఆమె చదువుతోంది. ఆమె రాత చదివే దిక్కు లేదు.

కాపీ మొదట్లో అలాసీ ఫ్రెంచిలో ఒక చిన్న మాట రాసిపెట్టింది. అందులో హృదయపూర్వకాలు, సవినయాలు లేవు.

‘ఇది మా ఊరికోసం. చలికాలం పెద్ద ఆటు రోజుల్లో సముద్రం మంచు కిందనుంచి తప్పుకుంటుంది. మంచుకి చిల్లు పొడిచి దిగి ఆల్చిప్పలు ఏరుకుంటాం. నీళ్ళు తిరిగి వచ్చేలోపల పైకి రావాలి. అందుకని వేళ సరిగ్గా కావాలి. మంచు ఉన్నప్పుడు ఆటు వేళ జరుగుతుంది. ఎంత జరుగుతుందో ఒక చలికాలమంతా కొలిచి పట్టిక వేశాను. అసలు ప్రోగ్రాంవాళ్ళకి పంపాను. వాళ్ళకి అక్కర్లేదు.’

ఒడెట్ సూది కింద పెట్టింది. కాసేపు రాపూర్ కెలికింది, తినలేదు. తను లెక్కగట్టే వేళలు బల్లకట్టులకీ సరదా పడవలకీ అనుకుంది ఇన్నాళ్ళూ. మంచు కప్పు కింద, చేతిలో దీపం పట్టుకుని, మనుషులు వాటిని నమ్మి దిగుతున్నారని ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పలేదని ఎలా అంటుంది? చెప్పడానికి వస్తేనే కదా తలుపేసింది.

మళ్ళీ సూది తీసింది. మంచు పట్టిక చాలా శుభ్రంగా ఉంది. తాడుకి కొలత పరికరం కట్టి మంచు కిందికి వదిలి రాబట్టిన అంకెలు. ఎక్కడెక్కడ పరికరం గడ్డకట్టి లెక్క పోయిందో అది కూడా దాచకుండా రాసింది. ఇంత నిజాయితీగా తప్పులు ఒప్పుకున్న మార్పు జ్యూజాన్‌కి వచ్చి ఎన్నాళ్ళయిందో. ఒడెట్ ఒక్కో లైనే దిగుతూ చివరికి వేళ చూపించే చోటుకి వచ్చింది. అక్కడ సూది ఆగిపోయింది.

‘ఊరి వేళ’ అని ఒక చిన్న లెక్క ఉంది. అది ఒడెట్ రాసిందే, కాపీతోపాటు వెళ్ళింది. దాని పని ఆటు వేళని ఆ ఊరి గడియారానికి మార్చడం. వేసవిలో గడియారాలు గంట ముందుకు జరుపుకుంటారు కదా, ఆ గంటని కూడా అదే కలిపేస్తుంది. కానీ ఆ సంగతి పేరులో లేదు, పక్కన ఒక్క మాటైనా రాసిలేదు. పాపం అలాసీ, ఆ గంట ఎక్కడా కలపలేదనుకుని, కింద తను మళ్ళీ కలిపింది. కాపీ పుట్టింది నవంబరులో, గడియారాలు వెనక్కి జరిపాక. చలికాలంలో కలపవలసిన గంటే లేదు కాబట్టి, రెండుసార్లు కలిపినా తేడా తెలియలేదు.

గడియారాలు ముందుకు జరిగేది ఈ ఆదివారం.

ఒడెట్ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. ఆదివారం పెద్ద ఆటు. కాపీ ఆటు వేళని గంట ఆలస్యంగా చూపిస్తుంది. చూసి దిగేవాళ్ళు, నీళ్ళు వెనక్కి తిరిగి గంటయ్యాక మంచు కిందికి దిగుతారు. ఫ్రెంచిలో ఆ అంకెలే మళ్ళీ మళ్ళీ గొణిగింది, ఎక్కడైనా తనే పొరబడ్డానేమోనని. పొరబడలేదు. పొరబడి ఉంటే ఎంత బావుండునో అనిపించింది.

అలాసీ పేరుమీద పెట్టిన ఆపుదల ముందు తీసేసింది. తరవాత కాపీలో ఆ రెండో గంట కలిపే లైను కొట్టేసి, దానికి పరీక్ష రాసి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు జతచేసి పంపింది. పిలవని పేరంటానికి వెళ్ళినట్టుంది ఆమెకి. పంపాక, పైన తన పేరు, దాని పక్కన ‘ఆమోదం కోసం వేచి ఉంది’ అన్న ముక్క చూస్తూ కూర్చుంది. వేలమందికి ఆ ముక్క చూపించిందే గాని, తను చూడటం ఎన్నేళ్ళకో.

*

శుక్రవారం పొద్దున పనిలోకి వచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. మార్పు మూసేసి ఉంది. కింద ఒకే ఒక్క వాక్యం.

‘యంత్రం రాసిన మార్పులు మేము తీసుకోము.’

బర్నిస్ వచ్చి భుజంమీదుగా వంగి చూసింది.

“ఇది నీ మాటే కదే?”

“నా మాటే.”

“అయితే ఆవిడకి నువ్వెవరో తెలుసు.”

“తెలుసు.”

“మంచిదే. నా మొహాన ఎవరైనా తలుపేస్తే నేనూ అలాగే చేస్తాను. పోనీ, వదిలెయ్. వాళ్ళూ వాళ్ళ లెక్కా.”

“వదిలేస్తే ఆదివారం జనం మంచు కిందికి దిగుతారు బర్నిస్. వేళగాని వేళ.”

బర్నిస్ తన కిటికీ దగ్గరికి వెళ్ళి, ఒడెట్ ముందున్న వరసని చేతితో తనవైపు పిలిచింది. “ఇటు రండి బాబూ, ఆవిడకి వేరే పనుంది,” అంది లారీలవాళ్ళతో. రెండు వరసలనీ ఒక్కతే చూసుకుంది.

ఒడెట్ మళ్ళీ రాయబోయింది. వేళ్ళకి అలవాటైన మాటలే వచ్చాయి: ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. దయచేసి గమనించగలరు.’ రాసి, చదివి, కొట్టేసింది. యంత్రం కూడా ఇంతకన్నా భిన్నంగా రాయదు. పదకొండేళ్ళుగా ముక్కూమొహం తెలియనివాళ్ళకి కాదని చెప్పి చెప్పి, తన ఇంగ్లీషులో తన ఊసే లేకుండా పోయింది.

అప్పుడు ఫ్రెంచిలో మొదలుపెట్టింది. ఆ ఫ్రెంచి వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది, బడిలో కాదు. మాట్లాడటమే గాని ఎన్నడూ రాసింది లేదు. మాంట్రియల్‌వాళ్ళు విన్నా నవ్వుతారని తెలుసు. నోటితో ఎలా అంటుందో అలాగే రాసింది.

‘అలాసీ, నేను ఒడెట్‌ని. యంత్రాన్ని కాను. నవంబరులో నీ లెక్క చూడకుండానే కాదన్నాను. మనిషినన్నావు, వెళ్ళగొట్టాను. తప్పు నాది. దానికి నువ్వు నన్ను ఎన్నైనా అను. కానీ ఆదివారం ఎవరినీ దిగనివ్వకు. గంట రెండుసార్లు కలుస్తోంది. మా అమ్మ నన్ను ఇక్కడి బురదలోకి గవ్వచేపలు తవ్వడానికి తీసుకెళ్ళేది. నీళ్ళు నీ వెనకనుంచి వస్తాయే, ముందునుంచి కాదు, అనేది. మీకు పైన కూడా మంచు ఉంది. నా మాట నమ్మొద్దు, లెక్క చూడు.’

పంపేశాక, చివరి రెండు మాటలూ అలాసీ తనతో అన్నవేనని తట్టింది. దిద్దుదామంటే మనసొప్పలేదు.

మధ్యాహ్నం పడవ కదిలి, పొగ కిటికీల మీదికి కొట్టేవేళకి జవాబు వచ్చింది. అందులో ఒక ఫోను నంబరు, దాని కింద ఒక మాట: ‘యంత్రం కాకపోతే ఫోను చెయ్యి.’

*

గదిలో వినబడటం లేదని ఒడెట్ వెనక మెట్లమీదికి వెళ్ళింది. కోటు వేసుకోవడం మరిచిపోయింది. నంబరు నొక్కి చెవికి ఆనించుకుంది. అవతల కుక్కల అరుపులు, ఎవరో తలుపు వేసిన చప్పుడు.

“అల్లో. యంత్రమా?” అంది ఒక ఆడగొంతు. నవ్వుతోందో కోపంగా ఉందో తెలియలేదు.

“కాదండీ. ఒడెట్.”

“గొంతు మనిషిదే. అయినా ఈ రోజుల్లో గొంతులు కూడా చేస్తున్నారట.”

“ఏం అడిగినా చెప్తాను.”

“మీ అమ్మ తవ్వించిందన్నావే, ఆ గవ్వచేపలు ఏం చేసుకునేవాళ్ళు?”

“బంగాళాదుంప తురిమి, మధ్యలో అవి పరిచి కాల్చేది. రాపూర్ అంటాం. చూడటానికి జిగురులా ఉంటుంది. అలవాటు లేనివాళ్ళు మొదటి ముద్దతోనే లేచిపోతారు.”

“వంటని ఇంత ఘోరంగా పొగిడావంటే నువ్వు మనిషివే,” అంది అలాసీ. ఈసారి నవ్వు బాగా వినిపించింది. “నా చదువంతా ఫ్రెంచిలో. ఇంగ్లీషు నాకు రాదు. నీకు పంపిన ఉత్తరం ముందు ఫ్రెంచిలో రాసి, యంత్రం చేత మార్పించాను. పెద్దవాళ్ళకి రాస్తున్నాను, కాస్త మర్యాదగా పెట్టమన్నాను. అది చూసే కదూ?”

“అది చూసే,” అంది ఒడెట్. “కోడ్ మీరు రాసిందే అని ఒక్క లైను తెరిచినా తెలిసేది. తెరవలేదు. సిగ్గుగా ఉంది నాకు.”



“నాలుగు నెలలు నిన్ను తిట్టుకున్నాను,” అంది అలాసీ. “మా బడిలో కంప్యూటర్లు నేనే చూస్తాను. ఒక్కో కంప్యూటరు తెరిచినప్పుడల్లా తిట్టుకున్నాను. సరే, ఆ గంట సంగతి చెప్పు. చూశాను, నాకు ఒకటి అంతుపట్టలేదు. ‘ఊరి వేళ’ అని పేరు పెట్టి, లోపల గంట కలిపెయ్యడమేంటి? ఆ పేరు చూస్తే ఎవరికైనా ఏం తెలుస్తుంది? ఎవరు పెట్టారది?”

“నేనే. పదకొండేళ్ళ కిందట.”

“ఎవరూ అడగలేదా ఇదేం పేరని?”

“అడగడానికి ఎవరూ లేరు.”

“అంత పెద్ద ప్రోగ్రాంకి?”

“నేనొక్కదాన్నే. ‘మేము’ అని రాస్తుంటాను, అంతే.”

ఆ మాట బయటికి అన్నాక, దాన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదని ఒడెట్‌కి తెలిసింది. రేవు మీద గాలి కొడుతోంది. ఎడమచేత్తో మెట్ల కమ్మీ పట్టుకుంది.

“ఇక్కడ పెద్దవాళ్ళు ఫోన్ చూసి దిగేవాళ్ళు కాదు,” అంది అలాసీ, గొంతు తగ్గించి. “మా అమ్మమ్మ మంచు పగులు దగ్గర కూర్చుని చప్పుడు వినేది, దిగొచ్చు అంటే దిగేవాళ్ళం. ఆవిడ పోయింది. ఇప్పుడు అందరూ నేను చెప్పే టైమే చూసుకుంటున్నారు. ఆదివారం బడి పిల్లల్ని తీసుకెళ్తున్నాం. నేనే ముందు దిగుదామనుకున్నాను.”

ఒడెట్ లోపలికి వెళ్ళి కంప్యూటర్ తెచ్చుకుని మెట్లమీద కూర్చుంది. ఇద్దరూ ఫోనులోనే ఒక్కో లైను చూసుకున్నారు. ఒడెట్ మార్పులో ఒక లైను దగ్గర అలాసీ ఆపింది: “ఇదెందుకు? పరీక్షలో మార్చి నెల ఒక్కటే పెట్టావు. నవంబరులో గంట వెనక్కొచ్చే రోజు సంగతేంటి?” అది ఒడెట్ మరిచిపోయింది. ఎవరు పంపిన మార్పులోనైనా ఆమె మొట్టమొదట వెతికే లోపమే అది. దొరికిపోయినందుకు చిన్నబుచ్చుకోవలసింది పోయి, ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన రాతని ఒకరు అంత శ్రద్ధగా చదివి, ఇది తప్పు అన్నారు.

“దిద్ది పంపుతాను,” అంది.

“పంపు. చూసి తీసుకుంటాను.”

“అలాసీ గారూ, మీ మంచు పట్టిక మళ్ళీ జ్యూజాన్‌కి…”

“రాను,” అంది అలాసీ టక్కున. “మీ గుమ్మం ఒకసారి తొక్కాను, చాలు. కావలిస్తే నువ్వే మా ఇంటికి రా, పట్టిక పట్టుకెళ్ళు. పేరు మాత్రం నాది పెట్టు.”

సాయంత్రంలోగా కాపీ సరి అయింది. ఒడెట్ పంపిన లైన్ల పక్కన ఆకుపచ్చ గుర్తు, దాని కింద అలాసీ మాట: ‘చదివాను. బావుంది.’

*

ఆదివారం ఒడెట్ చర్చికి వెళ్ళలేదు. ఇంటిముందు గట్టుమీద నిలబడింది. ఇక్కడి నీళ్ళకీ అక్కడి నీళ్ళకీ పొంతన లేదని ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా ఇక్కడి నీళ్ళనే చూస్తూ నిలబడింది.

అలాసీ ఊళ్ళో ఆటు ఎప్పుడు పూర్తిగా దిగుతుందో ఆమె అలాసీ పట్టికతో తనే లెక్కగట్టుకుంది. ఆ వేళ వచ్చింది. ఇప్పుడు చిల్లు పొడుస్తారు. ఇప్పుడు పిల్లలు ఒక్కొక్కరే దిగుతారు. నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు పైకి రావాలి. ఫోను చేతిలోనే ఉంది. ఇంకో లోపం ఏదైనా తన కంటపడకుండా మిగిలిందేమో. పట్టిక తప్పేమో. సూది ఏ లైను దగ్గరైనా తొందరపడి కదిలిందేమో. ఎన్నో వేల లైన్లు చదివింది ఈ జన్మలో. చదివినదాని కింద మనుషులు ఉన్నారని ఇంత భయపడింది ఎన్నడూ లేదు.

కబురు రాలేదు. గట్టుమీద అటూ ఇటూ నడిచింది. ఇంట్లోకి వెళ్ళి పొయ్యిమీద నీళ్ళు పెట్టింది, అవి మరిగి సగమైనా చూసుకోలేదు. ఫోను చేద్దామనుకుంది, మంచుమీద ఉన్న మనిషిని కదిలించకూడదని ఊరుకుంది.

బల్లమీద ఫోను మోగగానే ఒక్క అంగలో అందుకుంది. ఫొటో వచ్చింది: బకెట్టు నిండా నల్లటి ఆల్చిప్పలు, దాని అంచున ఎవరిదో ఎర్రటి ఊలు తొడుగు, పక్కన చిన్న చిన్న బూట్లు. కింద రెండే మాటలు.

‘అందరం పైకొచ్చాం.’

ఒడెట్ కుర్చీలో కూలబడి, ఒంటరిగా, గట్టిగా ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుని, పొయ్యిమీద మళ్ళీ నీళ్ళు పెట్టుకుంది.

*

సోమవారం పొద్దున లారీలు రాకముందు ఆమె రెండు పనులు చేసింది. జ్యూజాన్‌లో ‘ఊరి వేళ’ అన్న పేరు కొట్టేసి, ‘వేసవి గంట కలిపిన ఊరి వేళ’ అని పెట్టింది. ఎప్పుడో తీసేసిన నియమాన్ని తిరిగి పెట్టింది: రాసినవారు కాక ఇంకొకరు చదివితే తప్ప ఏదీ లోపలికి రాకూడదు. చదివేవారి పేరు అడిగినచోట అలాసీ పేరు రాసి, ‘ఒక్క మార్పు ఉంది, చూస్తారా?’ అని కబురు పెట్టింది.

జవాబు వెంటనే వచ్చింది. ‘చూస్తాను. నచ్చకపోతే కాదంటాను. ఇవాళ మాత్రం కాదు. ఇవాళ ఊరంతా మా ఇంట్లోనే తింటున్నారు.’

ఒడెట్ మార్పు తెరమీద అలాగే ఉంది. పైన పసుపు అక్షరాల్లో ‘ఆమోదం కోసం వేచి ఉంది’ అని ఉంది. దాని పక్కనే యజమానురాలికి మాత్రమే కనిపించే మీట ఒకటి ఉంది. అది నొక్కితే ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. ఇన్నాళ్ళూ దానికే ఆమె వేలు అలవాటు. ఒడెట్ చెయ్యి తీసి టీ గ్లాసు చుట్టూ పెట్టుకుంది.

“ఇవాళ ఎంతమందిని పంపేశావు?” అంది బర్నిస్, గల్లాపెట్టె తాళం తీస్తూ.

“ఎవర్నీ లేదు. నాదే ఒకటి ఆగి ఉంది.”

“నీది నీ దగ్గర ఆగడమేంటే? నొక్కెయ్.”

“ఒకావిడ చూడాలి.”

“ఎవరావిడ?”

ఒడెట్ కిటికీలోంచి బయటికి చూసింది. నీళ్ళు ఎక్కుతున్నాయి, గుంజల మొదళ్ళు అప్పుడే మునిగిపోయాయి.

“నాకు తెలిసినావిడ,” అంది.